పన్నెండు గూడేల రాజ్యాంగం: కుమురం భీం జీవితం



పరకాలలో పుట్టి పెరిగిన పిల్లలకు అమరధామం గురించి కొత్తగా చెప్పనక్కర లేదు. 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. 20 మందికి పైగా ప్రాణాలు వదిలారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి 18 రోజులే అయింది. మన ప్రాంతానికి మాత్రం రాలేదు. పాలించేవారు ఎవరు, ఎవరి మాట చట్టం అవుతుంది అన్న ప్రశ్నకు ఆ రోజు పరకాల నేల మీద నెత్తుటితో జవాబు వెతికారు.

అదే ప్రశ్నను అంతకు ఏడేళ్ల ముందు, ఇదే నిజాం రాజ్యంలో, ఆసిఫాబాద్ అడవుల్లో ఒక గోండు యువకుడు అడిగాడు. ఆయనే కుమురం భీం. ఆయన బొమ్మ మన సంఘం బ్యానర్ల మీద ఉంటుంది. చేతిలో తుపాకీ, తలకు రుమాలు. జల్, జంగల్, జమీన్ అనే మూడు మాటలు మనందరికీ నోటికి వచ్చు. కానీ భీం అడిగింది నీళ్లు, అడవి, భూమి మాత్రమే కాదు. వాటి మీద నిర్ణయం చేసే హక్కు ఎవరిది అని కూడా అడిగాడు. రాజ్యాంగం అనే పెద్ద మాటలో ఉన్న అసలు విషయం అదే. కాబట్టి ఈ సంచికలో ఆయన జీవితాన్ని ఆ వైపు నుంచి చెప్పుకుందాం.

సంకెపల్లి బాల్యం

భీం 1901 అక్టోబర్ 22న ఆసిఫాబాద్ దగ్గరి సంకెపల్లిలో పుట్టాడని ఎక్కువగా చెబుతారు. తండ్రి చిన్ను, తల్లి సోంబాయి. బడి లేదు, పలక లేదు. చదువంతా అడవిలోనే. పెద్దలు పాడే కథల్లో చాందా గోండు రాజులు ఉండేవారు. 1860లో నిర్మల్ ప్రాంతంలో తెల్లవాళ్ల మీద, నిజాం మీద తిరగబడిన రాంజీ గోండు ఉండేవాడు. ఒకప్పుడు మనకూ రాజ్యం ఉండేదన్న జ్ఞాపకం ఆ పిల్లల్లో అలా నిలిచింది.

రాజులు పోయినా గూడెంలో ఒక పద్ధతి మిగిలే ఉంది. ఊరికి పట్లా ఉంటాడు. కట్టుబాటు తప్పితే పంచ్ కూర్చుంటుంది. పెళ్లి తగాదా, పొలం గట్టు, ఇచ్చిపుచ్చుకునే లెక్కలు అన్నీ పది మంది ఎదుట మాట్లాడి తేలుస్తారు. ఎవరి అధికారం ఎంతవరకో, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో కాగితం మీద రాసి లేదు. కానీ అందరికీ తెలుసు. రాసిన పుస్తకం లేకపోయినా రాజ్యాంగం ఉండవచ్చని రాజకీయ శాస్త్రం చదివినవారు చెబుతారు. బ్రిటన్ దేశానికి ఈరోజుకీ ఒకే పుస్తకంగా రాసిన రాజ్యాంగం లేదు. అలవాట్లు, చట్టాలు, తీర్పులు, ఒప్పుకున్న కట్టుబాట్లు కలిసి అక్కడ రాజ్యాంగం అయ్యాయి. ఆ లెక్కన గోండు గూడెం కూడా రాజ్యాంగం లేని చోటు కాదు.

ఆ గూడెం మీదికి ఇంకో చట్టం వచ్చి పడింది. నిజాం ప్రభుత్వం అడవిని రిజర్వుగా గుర్తించి హద్దులు వేయడం మొదలుపెట్టింది. తాతలనాటి పోడు నేరమైంది. పశువులు మేపితే పన్ను, కట్టె కొడితే జరిమానా. మైదానాల నుంచి వచ్చిన షావుకార్లు, భూస్వాములు పట్టాలు రాయించుకున్నారు. కాగితం అంటే ఏమిటో తెలియని గోండు, కోలాం రైతులు తమ పొలంలోనే కౌలుదార్లయ్యారు. ఆ చట్టాలు చేసేటప్పుడు వీళ్లను ఎవరూ అడగలేదు. అవి ఏ భాషలో ఉన్నాయో కూడా వీళ్లకు తెలియదు. భీం పదిహేనేళ్ల ప్రాయంలో ఉండగానే అటవీ సిబ్బందితో జరిగిన గొడవలో తండ్రి చనిపోయాడని మన పెద్దల కథనం.

సుర్దాపూర్ నుంచి అస్సాం దాకా

తండ్రి పోయాక కుటుంబం సుర్దాపూర్ చేరింది. అక్కడ చెమటోడ్చి పంట తీశారు. పంట చేతికొచ్చే వేళ సిద్దిఖ్ అనే అతను ఆ భూమి తనదని, పంట కూడా తనదేనని వచ్చాడు. మాటా మాటా పెరిగింది. భీం కొట్టిన దెబ్బకు సిద్దిఖ్ చనిపోయాడు. ఇందులో గొప్పగా చెప్పుకోవలసింది ఏమీ లేదు. ఒక ప్రాణం పోయింది, ఒక యువకుడు ఊరు వదిలి పారిపోవలసి వచ్చింది. కానీ ఒక మాట గమనించాలి. ఆ భూమి ఎవరిదో నిష్పక్షంగా తేల్చే చోటు ఆ రోజు గోండు రైతుకు లేదు. అర్జీ పెడదామంటే పెట్టేది ఆ పట్టా రాసిన ఆఫీసులోనే. న్యాయం అడిగే చోటు లేనప్పుడు చేతులు లేస్తాయి. మంచి రాజ్యాంగం చేయవలసిన మొదటి పని ఆ అవసరం రాకుండా చూడడం.

భీం చాందా వెళ్లాడు. అక్కడ ముద్రణాలయం నడిపే విఠోబా అనే ఆయన దగ్గర పని దొరికింది. అక్షరాలు అక్కడే నేర్చాడు. ఉర్దూ, హిందీ, కొంత ఇంగ్లిషు వచ్చాయని చెబుతారు. విఠోబాను పోలీసులు అరెస్టు చేయడంతో ఆ నీడ కూడా పోయింది. అక్కడి నుంచి అస్సాం టీ తోటలకు వెళ్లి కొన్నేళ్లు కూలి చేశాడు. తోట కూలీలు ఒకచోట చేరి యాజమాన్యాన్ని నిలదీయడం దగ్గరుండి చూశాడు, తానూ కలిశాడు, జైలుకు వెళ్లాడు, తప్పించుకుని తిరిగి వచ్చాడు. 1922 నుంచి 1924 వరకు మన్యంలో కోయలను కూడగట్టి పోరాడిన అల్లూరి సీతారామరాజు కథ కూడా ఆయన చెవిన పడింది.

ఊరు విడిచేనాటికి ఆయన దగ్గర కోపం మాత్రమే ఉంది. తిరిగి వచ్చేసరికి అక్షరం ఉంది, సంఘం అంటే ఏమిటో తెలుసు.

కోర్టు మెట్లు ఎక్కిన భీం

చాలామంది మరిచిపోయే ఘట్టం ఇక్కడ ఉంది. తిరిగి వచ్చిన భీం వెంటనే తుపాకీ పట్టలేదు. కాకన్‌ఘాట్‌లో లచ్చుపటేల్ దగ్గర పనికి కుదిరాడు. సోంబాయిని పెళ్లాడాడు. తల్లి పేరూ, భార్య పేరూ ఒకటే. లచ్చుపటేల్‌కు ఆసిఫాబాద్‌లో ఒక భూమి కేసు ఉండేది. భీం కాగితాలు చూసుకుని, అధికారుల ముందు మాట్లాడి, ఆ కేసు గట్టెక్కించాడు. చుట్టుపక్కల గూడేలలో ఆయనకు పేరు వచ్చింది ఈ పనితోనే.

తర్వాత బాబేఝరి ప్రాంతానికి వెళ్లి, అడవి కొట్టి, సేద్యం మొదలుపెట్టాడు. అటవీ సిబ్బంది మళ్లీ వచ్చారు. గుడిసెలు కాలాయి. భీం అర్జీలు పెట్టాడు, ఆఫీసుల చుట్టూ తిరిగాడు, హైదరాబాద్ దాకా వెళ్లాడు. పైన ఒక మాట అంటే కింద ఇంకో మాట జరిగింది. నిజాంను కలిసి చెప్పుకుందామంటే దర్శనం దొరకలేదు. చట్టంలో ఉన్న దారులన్నీ నడిచి చూశాకే ఆయన అడవిలో దారి వెతికాడు.

పన్నెండు గూడేలు

జోడేఘాట్, పట్నాపూర్, బాబేఝరి, టొకెన్నవాడ, శివగూడ, నర్సాపూర్, కల్లెగావ్ వంటి పన్నెండు గూడేల గోండులు, కోలాములు భీం వెనక నిలిచారు. యువకులు కాపలా దళాలుగా ఏర్పడ్డారు. పన్నులు కట్టమన్నారు. అటవీ సిబ్బందిని లోపలికి రానివ్వలేదు.

నిజాం ప్రభుత్వం మొదట బేరానికి వచ్చింది. పన్నెండు గూడేల భూములకు పట్టాలు ఇస్తాం, గొడవ మానండి అన్నది ఆ బేరం సారాంశం. భీం ఒప్పుకోలేదు. పట్టాలతో పాటు పట్టుకెళ్లిన మావాళ్లను వదలాలి, అటవీ సిబ్బంది వెనక్కి పోవాలి, ఈ గూడేల పాలన మా చేతుల్లో ఉండాలి అన్నది ఆయన పట్టు. ప్రభుత్వం స్వపాలన మాటకు ఒప్పుకోలేదు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. నేలకోసమే పోరాటమైతే పట్టాలు వస్తున్నప్పుడు ఎందుకు వద్దన్నాడు? మనలో ఎవరైనా అయితే సంతకం పెట్టేవాళ్లమేమో. పెళ్లాం పిల్లలు ఉన్నారు, వెనక వందల కుటుంబాలు ఉన్నాయి. అంత బరువు మీద పెట్టుకుని ఆ కాగితం తిప్పి పంపడం చిన్న నిర్ణయం కాదు.

ఆయన లెక్క ఏమిటో ఆయన బతుకే చెబుతుంది. సుర్దాపూర్‌లో పంట చేతికొచ్చాక పోయింది. బాబేఝరిలో గుడిసె కట్టాక కాలింది. ఇచ్చేవాడి చేతిలోనే తీసుకునే అధికారం కూడా ఉంటే, ఇచ్చింది హక్కు కాదు, దయ. దయ చూపినవాడికి రేపు మనసు మారవచ్చు. ఆ అధికారానికి హద్దు గీసే కట్టుబాటు ఉన్నప్పుడే పట్టా పట్టాగా నిలుస్తుంది. ప్రపంచంలో రాజ్యాంగాల గురించి రాసిన పండితులంతా చివరికి చేరేది ఈ మాట దగ్గరికే. రాజ్యాంగం అంటే ప్రభుత్వానికి ఉన్న అధికారాల జాబితా మాత్రమే కాదు, ఆ అధికారానికి వేసిన కట్ట కూడా.

ఆ రోజుల్లోనే హైదరాబాద్ నగరంలో కూడా రాజ్యాంగ సంస్కరణల చర్చ జరుగుతోంది. 1937లో అరవముదు అయ్యంగార్ కమిటీ వేశారు. 1939లో సంస్కరణలు ప్రకటించారు. జమీందార్లు, వ్యాపారులు, వృత్తులవారు వంటి వర్గాల లెక్కన ప్రాతినిధ్యం ఉండే శాసనసభ అది. ఎన్నికయ్యేది సగంకంటే తక్కువ మంది. చివరి మాట నిజాందే. అధికారానికి కట్ట వేయని ఆ సంస్కరణ 1946 దాకా అమల్లోకే రాలేదు. ఆ పెద్ద చర్చలో పన్నెండు గూడేల మనిషికి కుర్చీ లేదు. కానీ ఆ రాజ్యంలో అసలైన రాజ్యాంగ ప్రశ్న అడిగింది ఆయనే.

జోడేఘాట్

1940లో ప్రభుత్వం బలగాలను పంపింది. భీం దళం జోడేఘాట్ గుట్ట మీద ఉంది. ఆచూకీ చెప్పింది మనవాడే, కుర్దుపటేల్ అని పెద్దలు చెబుతారు. రాత్రివేళ పోలీసులు చుట్టుముట్టారు. బాణాలు, బరిసెలు, కొద్దిపాటి నాటు తుపాకులు ఒకవైపు, పోలీసు తుపాకులు ఇంకోవైపు. భీం, ఆయనతో పాటు మరికొందరు అక్కడే నేలకొరిగారు. ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో ఇప్పటికీ ఏటా వర్ధంతి జరుపుతారు. భీం వయసు నలభై లోపే.

ఆయన పోయాక వచ్చిన చట్టాలు

భీం కథను చాలామంది ఇక్కడితో ముగిస్తారు. మనకు కావలసింది దీని తర్వాత కూడా ఉంది.

జోడేఘాట్ కాల్పులు నిజాం ప్రభుత్వాన్ని కుదిపాయి. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలనుకుంది. ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అప్పుడు హైదరాబాద్ రాజ్యంలో పరిశోధన చేస్తున్నారు. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గోండుల మధ్య ఉండి అధ్యయనం చేశారు. పోయిన భూములు, లంచాలు, కాల్చిన గూడేలు అన్నీ ప్రభుత్వానికి నివేదించారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. 11 వేలకు పైగా గిరిజనులకు సుమారు 1,60,000 ఎకరాల పట్టాలు దక్కాయని హైమన్‌డార్ఫ్ నమోదు చేశారు. గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక నిబంధనలు 1356 ఫసలీలో, అంటే 1946 ప్రాంతంలో వచ్చాయి. 1359 ఫసలీలో వాటిని మరింత గట్టిగా చేశారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులే వచ్చి ప్రజల ముందు కూర్చుని గోడు వినే దర్బార్ కూడా ఆ 1940లలోనే మొదలైంది. నిజాం దర్శనం దొరకక వెనుదిరిగిన మనిషి చనిపోయాక, ప్రభుత్వమే గూడేనికి రావలసి వచ్చింది.

దేశం మొత్తానికి రాజ్యాంగం రాస్తున్నప్పుడు హైదరాబాద్ రాజ్యం నుంచి రాజ్యాంగ సభలో ఎవరూ కూర్చోలేదు. ఛోటానాగపూర్ నుంచి వెళ్లిన జైపాల్ సింగ్ ముండా మాత్రం 1946 డిసెంబర్‌లోనే అక్కడ గట్టిగా మాట్లాడారు. 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు కెప్టెన్ ఆయన. ప్రజాస్వామ్యాన్ని ఆదివాసులకు కొత్తగా నేర్పనక్కర లేదని, వాళ్ల దగ్గరే మిగతావాళ్లు నేర్చుకోవాలని ఆయన వాదన సారాంశం. గోండు పంచ్‌ను చూసి పెరిగిన భీం కూడా దీనికి తల ఊపేవాడే. 1949 నవంబర్‌లో నిజాం ఒక ఫర్మానాతో భారత రాజ్యాంగాన్ని అంగీకరించాడు. 1950 జనవరి 26 నుంచి అందులోని ఐదో షెడ్యూల్ అమల్లోకి వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి చేతులు మారకుండా నిబంధనలు చేసే అధికారం గవర్నర్‌కు, సలహాకు గిరిజన సలహా మండలి అందులోనే ఉన్నాయి. ఆ దారిలోనే ఆంధ్రప్రదేశ్ 1959లో భూ బదలాయింపు నిబంధన చేసింది. 1963లో అది తెలంగాణ ప్రాంతానికి వర్తించింది. 1970లో దాన్ని బిగించారు. మనం 1/70 అని పిలిచేది దాన్నే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు మారడం దానితో చెల్లదు.

కాగితం, జనం

అయితే కాగితం మీద ఇంత ఉన్నా, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి సమస్యల మీద సభకు వస్తున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. ఇంకా చాలా ఎక్కువ అని జనం చెబుతారు. ఐదో షెడ్యూల్ వచ్చి అప్పటికి 31 ఏళ్లు. 1/70 వచ్చి 11 ఏళ్లు.

రాజ్యాంగం ఎలా నిలుస్తుంది అన్న దాని మీద పండితుల్లో రెండు వాదనలు ఉన్నాయి. హక్కులు పుస్తకంలో రాసి, కోర్టులు కాపలా కాస్తేనే నిలుస్తుందని ఒక వాదన. దీన్ని న్యాయ రాజ్యాంగవాదం అంటారు. కోర్టులొక్కటే చాలవు, ప్రజలు సభల్లో, ఓట్లలో, ఉద్యమాల్లో రోజూ అధికారాన్ని నిలదీస్తేనే అధికారం అదుపులో ఉంటుందని ఇంకో వాదన. అది రాజకీయ రాజ్యాంగవాదం. ఇంగ్లాండ్‌లో గ్రిఫిత్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు 1970ల చివర్లో ఈ రెండో వాదనను బలంగా వినిపించారు.

మన చరిత్ర చూస్తే రెండూ కావాలనిపిస్తుంది. జనం ఉండి చట్టం లేకపోతే ఏమవుతుందో జోడేఘాట్ చూపించింది. చట్టం ఉండి జనం మాట వినకపోతే ఏమవుతుందో ఇంద్రవెల్లి చూపించింది. రెండూ కలిసినప్పుడు ఏమవుతుందో 1997 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు చూపించింది. విశాఖ మన్యంలో గిరిజనుల పక్షాన ఒక సంస్థ కోర్టుకెక్కితే, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని తీర్పు వచ్చింది. ఊళ్లలో జనం పట్టు వదలకుండా నిలబడబట్టే ఆ కేసు అంతదూరం వెళ్లింది.

అంతకు కొన్ని నెలల ముందే, 1996 డిసెంబర్‌లో పార్లమెంటు పెసా చట్టం చేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు తన ఆచారాలను, వనరులను, తగాదాలు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే శక్తి ఉందని ఆ చట్టం గుర్తించింది. భూసేకరణకు ముందు గ్రామసభను లేదా పంచాయతీని సంప్రదించాలి. 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూముల దావాలను మొదట వినే పనిని గ్రామసభకే ఇచ్చింది. గూడెం పాలన గూడెం చేతిలో ఉండాలని పన్నెండు గూడేల తరఫున భీం అడిగిన దానిలో కొంత భాగం, 56 ఏళ్ల తర్వాత, ఢిల్లీ చట్టంగా వచ్చింది. కొంత భాగమే. మిగతాది గ్రామసభ నిజంగా కూర్చుంటుందా, లేదా అన్న దాని మీద ఉంది.

మన వంతు

పరకాల మైదానంలో ఉంది. కానీ మనలో చాలామందికి చుట్టాలు, పుట్టిళ్లు, కొందరికి భూములు ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం, కొత్తగూడ, గూడూరు వైపు ఉన్నాయి. మేడారం జాతరకు వెళ్లేది ఆ దారిలోనే. కాకతీయుల పన్నుకు ఎదురు నిలిచిన సమ్మక్క, సారలమ్మల గద్దెల ముందు మనం మొక్కేది కూడా ఇదే మాటకు. అడగకుండా వేసిన పన్నుకు తల వంచబోమన్న మాట అది.

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. మీ గూడెంలో గ్రామసభ చివరిసారి ఎప్పుడు కూర్చుందో అడగండి. తీర్మానం పుస్తకం ఎవరి దగ్గర ఉందో చూడండి. సభ జరగకుండానే సంతకాలు పడ్డాయా చదవండి. అమ్మమ్మ, తాతయ్యలకు చదువు రాకపోతే పక్కన కూర్చుని చదివి వినిపించండి. చాందా ముద్రణాలయంలో అక్షరం నేర్చిన భీం మొదట చేసిన పని అదే. లచ్చుపటేల్ కాగితాలు చదివాడు.

2016లో ఆసిఫాబాద్ జిల్లాకు ఆయన పేరు పెట్టారు. జోడేఘాట్‌లో స్మారకం ఉంది. అవి ఉండాల్సిందే. కానీ ఆయన తిప్పి పంపిన పట్టాల కాగితంలో లేనిది, ఆయన ప్రాణం పెట్టి అడిగింది, ఇవాళ చట్టంలో ఉంది. మన గూడెం గ్రామసభలో ఖాళీగా ఉన్న చాప మీద వెళ్లి కూర్చోవడం మన వంతు.

జోహార్ కుమురం భీం. జోహార్ జోడేఘాట్ అమరులకు. జోహార్ పరకాల అమరులకు.